ఆముదం పట్టిన ఎలుక చెప్పేదెంత? విరేచనాల మూలికను పరీక్షించే ముందు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "పెద్దవాళ్లు తరతరాలుగా విరేచనాలకు వాడే ఒక ఆకు కషాయం ఉంది. దాన్ని పీజీ ప్రాజెక్టుగా పరీక్షించాలనుకుంటున్నాను. మిథనాల్‌తో సారం తీసి, కిలో బరువుకు 100, 200, 400 మి.గ్రా. చొప్పున ఎలుకలకు ఇచ్చి, ఆముదంతో విరేచనాలు తెప్పించి, విరేచనాలు కట్టడానికి మామూలుగా వాడే లోపెరమైడ్ మందుతో పోలుస్తాను. ఈ.కోలై బాక్టీరియా మీద డిస్క్ పరీక్ష కూడా చేస్తాను. ఇది సరిపోతుందా? ఫలితం బాగుంటే మనుషుల మీద చిన్న ట్రయల్ పెట్టొచ్చా? పనిచేసే రసాయనాన్ని విడదీయడం తప్పనిసరా?"

డిగ్రీకి సరిపోతుంది. ఈ కషాయం విరేచనాలకు మందా కాదా అన్నది మాత్రం దీంతో తేలదు. ఈ రెండూ వేరువేరు పనులు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఫార్మకాలజీ థీసిస్‌లు దిద్దే పనిలో మీరు రాసిన ఈ పట్టిక నాకు బాగా అలవాటైపోయింది. ఆరేసి ఎలుకలతో ఐదు గుంపులు. ఒకదానికి ఉత్త నీళ్లు, ఒకదానికి లోపెరమైడ్, మిగతా మూడింటికి మూడు మోతాదుల్లో సారం. మొక్క పేరు మారుతుంది, అంతే. చివరికి ప్రతి మొక్కా విరేచనాలను "గణనీయంగా" తగ్గిస్తుంది, సంప్రదాయ వాడకానికి శాస్త్రీయ ఆధారం దొరికిందన్న వాక్యంతో థీసిస్ ముగుస్తుంది. రాసిన వాళ్లంతా పాసైపోతుంటే అనుమానించాల్సింది ప్రశ్నపత్రాన్నే. అందుకే ముందు ఆ ప్రశ్నపత్రం సంగతి చూద్దాం.

అన్నిటికంటే ముందు, ఏ విరేచనాలు? కలరాలో పేగు లోపలి పొర క్లోరైడ్‌ను ఆపకుండా బయటికి వదులుతుంది, దాని వెంట నీరు పోతుంది. పేగు గోడకు పెద్దగా గాయమే ఉండదు. షిగెల్లా అనే బాక్టీరియా సోకితే గోడే పుండుపడుతుంది. రక్తం, జిగట, జ్వరం. రోటావైరస్ నీటిని పీల్చుకునే కణాలను దెబ్బతీస్తుంది. అమీబా దారి వేరు. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత పట్టుకునేవి, ఐబీఎస్ (పేగు ఊరికే చికాకుపడే సమస్య) ఉన్నవాళ్లకు టెన్షన్ పడితే వచ్చేవి ఇంకా వేరు. వీటన్నిటికీ ఒకే ఆకు ఒకేలా పనిచేస్తుందని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

దీనికి చరిత్రలో ఇపెకాక్ కంటే మంచి ఉదాహరణ లేదు. బ్రెజిల్ అడవుల్లోని ఈ వేరు 17వ శతాబ్దంలో యూరప్ చేరింది. జిగట విరేచనాలకు రహస్య మందుగా దాన్ని అమ్ముకుంటున్న హెల్వీషియస్ అనే వైద్యుడి దగ్గర ఆ రహస్యాన్ని ఫ్రాన్స్ రాజు 14వ లూయీ డబ్బిచ్చి కొన్నాడు. ఆ తర్వాత చాలాకాలం కొందరు రోగులు దానితో లేచి కూర్చున్నారు, కొందరికి వాంతులు తప్ప ఏమీ ఒరగలేదు. పెల్టియే, మజాండీ 1817లో ఆ వేరు నుంచి ఎమెటిన్‌ను తీశారు. 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఎమెటిన్‌ను ఇంజెక్షన్‌గా వాడి అమీబా విరేచనాలకు అది పనిచేస్తుందని చూపించాడు. బాక్టీరియా వల్ల వచ్చే జిగట విరేచనాలకు అది పనికిరాదు. అంటే మందులో లోపం లేదు, రోగాన్ని విడదీసి చూడకపోవడమే గొడవంతటికీ మూలం. (ఎమెటిన్ గుండెను దెబ్బతీస్తుంది కాబట్టి తర్వాత వచ్చిన మందులు దాన్ని పక్కకు నెట్టేశాయి. అది ఇంకో కథ.)

కాబట్టి ల్యాబ్‌లోకి వెళ్లేముందు ఆ కషాయం ఇచ్చేవాళ్ల దగ్గర కూర్చోండి. "విరేచనాలకు ఇస్తారా?" అని అడిగితే అవునంటారు, మీకు తెలిసేది ఏమీ ఉండదు. నీళ్లలా పోతున్నప్పుడా, రక్తం పడుతున్నప్పుడా? చంటిపిల్లలకు ఇస్తారా, పెద్దవాళ్లకేనా? మొదటి రోజే ఇస్తారా, మూడు రోజులు చూసి ఇస్తారా? ఎప్పుడు ఇవ్వరు? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మిగతా అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. రక్తం పడితే ఇవ్వకూడదని వాళ్లు అంటే, ఆ మందు పేగు కదలికను కట్టేసే రకమేమో అని మీకు మొదటి సూచన అందినట్టే.

ఆ తర్వాత తయారీ. ఆకు పచ్చిదా, ఎండుదా, ఎంత, ఎన్ని నీళ్లలో, ఎంతకు మరిగిస్తారు, దేనితో కలిపి తాగిస్తారు? ఉప్పు వేసిన గంజిలో కలిపి ఇస్తారని తెలిసిందనుకోండి. అప్పుడు అసలు మందు ఏది, ఆకా, గంజా? బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరా రోగుల్లో పాత గ్లూకోజ్ ఓఆర్‌ఎస్ కంటే విరేచనాల పరిమాణాన్ని ఎక్కువగా తగ్గిస్తుందని ట్రయల్స్‌లో తేలింది. కాబట్టి అనుపానం (మందును కలిపి ఇచ్చే గంజిలాంటిది) ఒక్కటే తీసుకునే గుంపు మీ పరీక్షలో లేకపోతే, గంజికి రావాల్సిన పేరు ఆకుకు పోతుంది.

జనం ఇప్పటికే వాడుతున్న మందు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. మాలి దేశంలో మలేరియా మూలికల విషయంలో పరిశోధకులు ఎలుకలతో మొదలుపెట్టలేదు. ఇంటింటికీ వెళ్లి ఈమధ్య మలేరియా వచ్చిందా, ఏం వాడారు, ఎలా తగ్గింది అని అడిగారు. ఏ మొక్క వాడినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారో చూసి, బలురక్కసి కషాయాన్ని ఎంచుకుని, దాని మోతాదు తేల్చి, చివరికి ప్రామాణిక మందుతో పోల్చి ట్రయల్ చేశారు. రసాయనాల వేట ఆ తర్వాతే. విరేచనాలకు కూడా ఈ వరస బాగా కుదురుతుంది. ఒక పీజీ విద్యార్థి చేయగలిగిన పనుల్లో ఇది చాలా విలువైనది, పైగా జంతువులు అక్కర్లేదు. గైడ్లు దీన్ని ఎందుకో చిన్నచూపు చూస్తారు.

మొక్క గుర్తింపు గురించి ఒక్క మాటే చెబుతాను కానీ అది ముఖ్యమైన మాట. కొడిసెపాల బెరడు విరేచనాలకు పేరున్న మందు. దాని పేరుతో అంకుడు బెరడు కలవడం ఎప్పటినుంచో ఉన్న సమస్య. రెండూ ఒకే కుటుంబం, రెంటికీ పాలు కారతాయి, ఎండిన బెరడు ముక్కల్ని చూసి తేడా పట్టడం కష్టం. కొడిసెపాలలో ఉండే కోనెస్సిన్ లాంటి ఆల్కలాయిడ్ల కోసమే దాన్ని వాడతారు, కల్తీ బెరడు దానికి బదులు కాలేదు. మీరే స్వయంగా కోయండి, పూతతో సహా నమూనా ఎండబెట్టి హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పెట్టించి నంబరు తీసుకోండి. ఎండిన సరుకు కొని పనిచేశారో, మీ ఫలితం ఏ మొక్కదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఇక మిథనాల్. ఊళ్లో ఎవరూ మిథనాల్‌లో నానబెట్టి తాగరు. నీళ్లలో మరిగించి తాగుతారు. మిథనాల్‌లోకి దిగేవన్నీ నీళ్లలోకి దిగవు. మీ ప్రశ్న ఆ కషాయం గురించి అయితే కషాయాన్నే వాళ్లు చేసినట్టే చేసి, వడకట్టి, ఫ్రీజ్ డ్రై చేసి వాడండి. పొడి ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇప్పుడు ఆముదం దగ్గరికి వద్దాం. పద్ధతి మీకు తెలిసిందే: రాత్రంతా పస్తు ఉంచిన ఎలుకకు సారం పట్టి, గంట తర్వాత ఆముదం పట్టి, ఒక్కొక్కదాన్ని ఒక్కో పంజరంలో పెట్టి, కింద బ్లాటింగ్ పేపరు పరిచి, గంటకోసారి మారుస్తూ నాలుగు గంటలు చూడటం. ఆముదం తనంతట తాను ఏమీ చేయదు. పేగులోని లైపేజ్ ఎంజైము దాన్ని విరగ్గొడితే రిసినోలిక్ ఆమ్లం వస్తుంది. అది పేగు కండరం మీదున్న ఈపీ3 అనే ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాలను తట్టి లేపుతుంది. ఇది 2012లో స్పష్టంగా తేలింది. పేగు జోరుగా కదులుతుంది, లోపల నీరు చేరుతుంది.

ఈ గొలుసులో ఎక్కడ అడ్డుపడినా ఎలుకకు విరేచనాలు తగ్గుతాయి. చిక్కంతా అక్కడే ఉంది. చాలా ఆకుల్లో టానిన్లు, పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు దండిగా ఉంటాయి. వాటిలో చాలావాటికి లైపేజ్‌ను అణిచే గుణం ఉంది. అంటే మీ సారం ఆముదం విరగకుండా ఆపి ఉండొచ్చు. ఎలుకకు విరేచనాలు తగ్గుతాయి, మీ గ్రాఫ్ అందంగా వస్తుంది. కానీ ఏ రోగీ ఆముదం తాగి ఆసుపత్రికి రాడు కదా! అలాగే జీర్ణాశయం ఖాళీ అవడాన్ని ఆలస్యం చేసే ఏ పదార్థమైనా ఆముదాన్ని పేగులోకి వెళ్లకుండా కాసేపు పట్టి ఉంచుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపే నొప్పి మందులు కూడా ఈ పరీక్షలో "పనిచేస్తాయి". వాటిని విరేచనాలకు ఎవరూ ఇవ్వరు.

దీనికి విరుగుడు పెద్ద కష్టం కాదు. ఆముదంతో పాటు మెగ్నీషియం సల్ఫేట్‌తో ఇంకో సెట్ పెట్టండి. దానికి లైపేజ్ అక్కర్లేదు, ఉప్పు తన చుట్టూ నీటిని లాక్కుంటుంది, అంతే. ఆముదంలో గెలిచి ఇక్కడ ఓడిపోతే మీ సారం ఎక్కడ అడ్డుపడుతోందో ఆలోచించాలి. ఆముదం బదులు నేరుగా రిసినోలిక్ ఆమ్లమే ఇచ్చి చూస్తే లైపేజ్ సందేహం పూర్తిగా పోతుంది. సారం కూడా ఒక గుంపుకు ముందు కాకుండా, మొదటి తడి మరక కనిపించాక ఇవ్వండి. గంట ముందు ఇచ్చి తగ్గిందంటే అది నివారణ. మనుషులు కషాయం తాగేది విరేచనాలు మొదలయ్యాక. ఇంత చిన్న విషయాన్ని ఎంతమంది వదిలేస్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

లెక్కించే చోట ఇంకో ఇబ్బంది ఉంది. కాగితం మీద మరక తడిదా, మెత్తదా, గట్టిదా అన్నది కంటితో చెప్పే మాట. ఏ పంజరం ఏ గుంపుదో తెలిసిన మనిషి చూస్తే, సందేహంగా ఉన్న మరకలన్నీ తనకు కావాల్సిన వైపుకే వెళతాయి. అందులో మోసం ఉండక్కర్లేదు, మనసు తీరే అంత. మందు పట్టినవాళ్లు, కాగితాలు చూసేవాళ్లు వేరు కావాలి. పంజరాలకు గుంపు పేరు బదులు లాటరీలో వచ్చిన నంబరు అంటించాలి. పైగా కాగితాన్ని ముందే తూచి ఉంచి, తీసిన వెంటనే మళ్లీ తూస్తే బరువు అబద్ధం చెప్పదు. మూత్రం కలుస్తుంది కాబట్టి, కింద మలం, మూత్రం విడిపోయే పంజరం దొరికితే ఇంకా మంచిది.

బొగ్గు పరీక్ష గురించి మీరు రాయలేదు కానీ గైడ్ చేయమనే అవకాశం ఎక్కువ. బొగ్గు కలిపిన ద్రవం పట్టి, అరగంట తర్వాత అది పేగులో ఎంత దూరం వెళ్లిందో కొలవడం. అది చెప్పేది కదలిక గురించి ఒక్కటే. కదలిక తగ్గడమే మంచిదని అనుకోవద్దు. పేగు కదలక, లోపల నీరు ఊరుతూనే ఉంటే, ఆ నీరు బయటికి రాదు కానీ ఒంట్లోంచి పోయినట్టే లెక్క. విరేచనం ఆగినట్టు కనిపిస్తుంది, పిల్లవాడు మాత్రం ఎండిపోతుంటాడు. రెండేళ్లలోపు పిల్లలకు లోపెరమైడ్ ఇవ్వకూడదని చెప్పడానికి పేగు స్తంభించిపోవడం కూడా ఒక కారణం. కాబట్టి మీ సారం లోపెరమైడ్‌కు దీటుగా నిలిచిందంటే సంబరపడాలా, భయపడాలా అన్నది అది ఏ దారిలో పనిచేస్తోందో తెలిస్తే గానీ చెప్పలేం. లోపెరమైడ్ పనిచేసేది ఓపియాయిడ్ (నల్లమందు తరహా) దారిలో, ఆ దారిని మూసే మందు నలోక్సోన్. నలోక్సోన్ ఇచ్చాక సారం ప్రభావం పోయిందంటే అది కూడా ఆ దారి పట్టినట్టే. ఆ ఒక్క గుంపు తప్పకుండా కలపండి.

నీరు ఊరడాన్ని ఆపుతుందా అని చూడాలంటే పేగునే అడగాలి. ఈ విషయంలో శంభునాథ్ డే చేసిన పని ఇప్పటికీ మనకు పాఠమే. 1953లో చటర్జీతో కలిసి ఆయన కుందేలు చిన్నపేగును దారంతో చిన్నచిన్న గదులుగా కట్టి, వాటిలోకి కలరా బాక్టీరియాను ఎక్కించి, ఏ గది ఎంత ఉబ్బిందో చూశాడు. 1959లో బాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవంతోనే పేగు ఉబ్బుతుందని, అంటే విషపదార్థం వేరే ఉందని చూపించాడు. ఈ రోజు మీకు కుందేళ్లు అక్కర్లేకపోవచ్చు, ఎలుక పేగుతోనూ చేయొచ్చు, కల్చర్‌లో పెంచిన పేగు కణాల పొర మీద విద్యుత్ ప్రవాహం కొలిచే సదుపాయం ఉన్న ల్యాబ్ దొరికితే ఇంకా నయం. కలరా టాక్సిన్ పెట్టాక గదిలో సెంటీమీటరుకు ఎంత నీరు ఊరింది, సారం ఉంటే ఎంత ఊరింది: ఆముదం పరీక్షలు పది చేసినా రాని సమాచారం ఈ ఒక్క కొలతలో వస్తుంది.

మోతాదుల సంగతి. 100, 200, 400 ఎక్కడి నుంచి వచ్చాయి? అందరూ పెట్టారు కాబట్టి వచ్చాయి. లెక్క వేద్దాం. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి శరీర ఉపరితలం ఆధారంగా వాడే సూత్రం ప్రకారం 400ను 6తో గుణించి 37తో భాగిస్తే కిలోకు దాదాపు 65 మి.గ్రా. 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం. వంద గ్రాముల ఎండు ఆకుకు పది గ్రాముల సారం వచ్చిందనుకుంటే, ఒక్క మోతాదుకు 39 గ్రాముల ఎండు ఆకు కావాలి. ఆ పెద్దవాళ్లు వేసేది గుప్పెడు ఆకు మాత్రమే అయితే, మీరు వాళ్ల మందును కాదు, దానికి ఎన్నో రెట్లు ఎక్కువున్న వేరే మందును పరీక్షిస్తున్నట్టు. లెక్క తిరగేయండి: వాళ్లిచ్చే మోతాదు నుంచి ఎలుక మోతాదు రాబట్టి, అది మధ్యలో ఉండేలా కిందా పైనా పెట్టుకోండి.

డిస్క్ పరీక్ష అంటే బాక్టీరియా పెరిగే పళ్లెంలో సారం తడిపిన కాగితపు బిళ్ల పెట్టి, దాని చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని కొలవడం. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు. చిక్కటి టీ డికాక్షన్ కూడా డిస్క్ మీద ఎండబెడితే ఎంతోకొంత వలయం చూపించగలదు. మి.లీ.కు కొన్ని మి.గ్రా. గాఢతలో బాక్టీరియా చస్తే దానికి ఔషధ విలువ ఉందని చెప్పలేం, పేగులో ఆ గాఢత నిలవదు. పైగా పసిపిల్లల నీళ్ల విరేచనాల్లో చాలాభాగం వైరస్‌లవల్లే. మారేడు పచ్చికాయ కషాయం మీద ముంబైలో చేసి 2009లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. వాళ్లు చూసిన ఆరు బాక్టీరియాల్లో ఒక్కటి కూడా కషాయానికి చావలేదు. డిస్క్ పరీక్షతో ఆపేసి ఉంటే మారేడు పనికిరాదని తేల్చేసేవాళ్లు. కానీ అదే కషాయం బాక్టీరియా కణాలకు అంటుకోవడాన్ని, లోపలికి చొరబడటాన్ని తగ్గించింది, కలరా టాక్సిన్ తయారీని, అది తన గ్రాహకాన్ని పట్టుకోవడాన్ని దెబ్బతీసింది. ఈ.కోలై విడుదల చేసే ఇంకో టాక్సిన్ మీద మాత్రం దాని ప్రభావం ఏమీ లేదు. ఇలా పనిచేసిన చోటు, చేయని చోటు రెండూ చెప్పే పేపర్‌ను నేను నమ్ముతాను.

భద్రత విషయంలో "తరతరాలుగా వాడుతున్నారు కాబట్టి ప్రమాదం లేదు" అన్న వాదన సగమే నిజం. తాగిన గంటకు వాంతి చేయించే మొక్కను జనం పసిగడతారు. పదేళ్ల తర్వాత కిడ్నీని పాడుచేసే మొక్కను పసిగట్టలేరు. అరిస్టోలోకియా జాతి మొక్కలు ఎన్నో సంప్రదాయాల్లో మందులే. వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను నాశనం చేస్తుందని, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుందని 1990ల్లో బెల్జియంలో సన్నబడే మాత్రలు వాడిన మహిళల కేసులతో బయటపడింది. విరేచనాల రోగి ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది కాబట్టి కిడ్నీ అసలే ఒత్తిడిలో ఉంటుంది, అది గుర్తుంచుకోండి. ఒక్కసారి 2000 మి.గ్రా. ఇచ్చి ఎలుక చావలేదని రాయడం రసాయనాల భద్రత పరీక్షలకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 423, 425 మార్గదర్శకాల ప్రకారం మొదటి మెట్టు మాత్రమే. కనీసం 28 రోజులు రోజూ ఇచ్చి కాలేయం, కిడ్నీ, రక్తం చూసే 407 అయినా చేయకుండా "సురక్షితం" అన్న మాట రాయకండి. ఆకులోని బూజు, సీసం, పురుగుమందుల అవశేషాల పరీక్ష కూడా చేయించాలి. విరేచనాల రోగికి ఇచ్చే మందులోనే క్రిములుంటే ఇంక చెప్పేదేముంది.

మనుషుల మీద "చిన్న ట్రయల్" గురించి. మీ ఎలుకల ఫలితం ఆధారంగా ఇప్పుడే వద్దు. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్టు ఎక్కాలి కాబట్టి అది ఎలా ఉంటుందో చెబుతాను.

విరేచనాలు వాటంతట అవే తగ్గే రోగం. చాలామందికి వారంలోపు మందు లేకుండానే తగ్గిపోతాయి, రోగి వచ్చేది రెండో రోజో మూడో రోజో. అప్పుడు మీరేమిచ్చినా తర్వాత తగ్గుతుంది. పోల్చడానికి ఇంకో గుంపు లేకుండా "నూటికి తొంభై మందికి నయమైంది" అన్న మాటకు విలువ లేదు. రెండు గుంపులకూ ఓఆర్‌ఎస్ ఇవ్వాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న తక్కువ గాఢత రకం, లీటరుకు 245 మిల్లీ ఆస్మాల్స్ ఉన్నది. పిల్లలైతే జింక్ కూడా. ఒక గుంపుకు వీటికి తోడుగా కషాయం, ఇంకో గుంపుకు వీటికి తోడుగా ఉత్తుత్తి మందు. ఓఆర్‌ఎస్ బదులు కషాయం అన్న డిజైన్‌ను ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకుంటే ఆ కమిటీనే అనుమానించాలి.

ఉత్తుత్తి మందు తయారీ చెప్పినంత తేలిక కాదు. కషాయం చేదుగా, వగరుగా, గోధుమరంగులో ఉంటుంది. రంగునీళ్లు ఇస్తే మొదటి గుక్కలోనే అందరికీ తెలిసిపోతుంది. పొడిని క్యాప్సూల్‌లో పెట్టడం ఒక దారి, చేదు, రంగు కలిసేలా వేరే పదార్థంతో చేయడం ఇంకో దారి. ఏది చేసినా చివర్లో రోగుల్ని, నర్సుల్ని "మీకు ఏది వచ్చిందనుకుంటున్నారు?" అని అడిగి ఆ జవాబులు కూడా ప్రచురించండి.

ఏం కొలవాలి? రోజుకు ఎన్నిసార్లు వెళ్లారన్నది బలహీనమైన కొలత. ఒక్కసారి లీటరు పోవడం, పదిసార్లు కొంచెంకొంచెం పోవడం ఒకటి కాదు. ఢాకాలోని అంతర్జాతీయ విరేచన వ్యాధుల పరిశోధన కేంద్రంలో కలరా రోగులు పడుకునే మంచానికి మధ్యలో రంధ్రం ఉంటుంది, కింద బకెట్. నర్సు కొన్ని గంటలకోసారి బకెట్‌లో ఎంత ఉందో కొలిచి రాస్తుంది. రేసికాడోట్రిల్ అనే మందును పెరూలో పరీక్షించి 2000లో ప్రచురించిన ట్రయల్‌లో 135 మంది పిల్లల్నీ మగపిల్లల్నే తీసుకున్నారు. మూత్రాన్ని సంచిలో విడిగా పట్టి మలాన్ని మాత్రమే తూయొచ్చని. అందులో 48 గంటల మలం బరువు 46 శాతం తగ్గింది. అయితే అదే మందును తర్వాత వెల్లూరులో పరీక్షిస్తే 2016లో వచ్చిన ఫలితం ప్రకారం లాభం కనిపించలేదు. ఒక ట్రయల్ చూసి తీర్పు చెప్పకూడదని దీన్ని గుర్తుచేస్తున్నాను. మలం బరువుతో పాటు రోగి బరువు, తాగిన ఓఆర్‌ఎస్, సెలైన్ ఎక్కించాల్సి వచ్చిందా, చివరి నీళ్ల విరేచనం ఎప్పుడు అన్నవి రాయాలి. వీటిలో ఏది ప్రధానమో మొదటి రోగి చేరకముందే ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఫలితాలు చూశాక ప్రధాన కొలత మార్చితే ఆ ట్రయల్ పోయినట్టే.

మొదట పెద్దవాళ్లతో మొదలుపెట్టాలి. రక్తం పడేవాళ్లు, తీవ్రంగా నీరు తగ్గినవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు మొదటి ట్రయల్‌లో ఉండకూడదు. మల పరీక్ష చేయించి, ఏ క్రిమి ఉన్నవాళ్లకు ఫలితం ఎలా ఉందో విడిగా చూడాలి. ఇది ఎందుకంత ముఖ్యమో దారుహరిద్ర లాంటి మొక్కల్లో ఉండే బెర్బెరిన్ చెబుతుంది. ఢాకాలో 165 మంది పెద్దవాళ్ల మీద చేసి 1987లో ప్రచురించిన ట్రయల్‌లో టాక్సిన్ విడుదల చేసే ఈ.కోలై ఉన్నవాళ్లకు ఒక్క 400 మి.గ్రా. మోతాదుతో మలం పరిమాణం స్పష్టంగా తగ్గింది. కలరా రోగుల్లో ఆ లాభం నామమాత్రం, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు తోడుగా ఇస్తే అదనంగా ఒరిగింది లేదు. అందర్నీ కలిపేసి సగటు తీసి ఉంటే ఈ తేడా కనిపించేదే కాదు.

ఇంకో విషయం మర్చిపోవద్దు. ఆ జ్ఞానం ఆ పెద్దవాళ్లది. జీవవనరుల వాడకంతో వచ్చే లాభాన్ని వాటి హక్కుదారులతో పంచుకోవాలనే అంతర్జాతీయ నగోయా ఒప్పందం 2010లో కుదిరింది, 2014 నుంచి అమల్లో ఉంది. మీ దేశం దాన్ని అనుసరించి చేసిన చట్టం చూసి, పని మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా అనుమతి, లాభంలో వాటా సంగతి తేల్చుకోండి. పేపరు వచ్చాక కృతజ్ఞతల్లో ఒక వాక్యం రాయడంతో ఇది తీరదు.

మీ చివరి ప్రశ్న, పనిచేసే రసాయనాన్ని విడదీయాలా? తప్పనిసరి కాదు. అమెజాన్‌లో విరేచనాలకు వాడే ఒక చెట్టు ఉంది, క్రోటన్ లెక్లెరి. బెరడు గీస్తే రక్తంలాంటి ఎర్రటి పాలు కారతాయి. ఆ పాల నుంచి తీసిన క్రోఫెలెమెర్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2012 డిసెంబర్ 31న ఆమోదించింది. నోటితో తీసుకునే మొక్కల మందుల్లో అక్కడ ఆమోదం పొందిన మొదటిది అదే. అది ఒక్క రసాయనం కాదు, పొడవు పొట్టి ప్రోయాంథోసయనిడిన్ (ఒక రకం టానిన్) గొలుసుల మిశ్రమం. పేగులో క్లోరైడ్ బయటికి వచ్చే రెండు రకాల దారుల్ని మూస్తుంది, రక్తంలోకి దాదాపుగా వెళ్లదు. 374 మంది మీద చేసిన ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో 17.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికి అనుకున్న స్థాయిలో మేలు జరిగింది. చూడటానికి చిన్న తేడానే, కానీ కొలత ముందే గట్టిగా నిర్ణయించుకున్నారు, దానికే కట్టుబడ్డారు. ఆమోదం కూడా హెచ్ఐవీ మందులు వాడుతున్నవాళ్లకు వచ్చే, క్రిముల వల్ల కాని విరేచనాలకే. ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకున్నాకే ఇవ్వాలని లేబుల్‌లోనే ఉంటుంది. అడవిలో వాడకం ఎంత విశాలమో, రుజువైన వాడకం అంత ఇరుకు.

మిశ్రమంతోనే ముందుకు వెళ్లాలంటే మీరు చూపించాల్సింది ఒకటుంది: ఈ రోజు చేసిన కషాయం, వచ్చే ఏడాది ఇంకో చోట కోసిన ఆకుతో చేసిన కషాయం ఒకటేనని. దానికి హెచ్‌పీటీఎల్‌సీలో (సారంలోని రసాయనాలను పలక మీద గీతలుగా విడదీసే పద్ధతిలో) వచ్చే రసాయన ముద్ర ఒక్కటే చాలదు, ఎందుకంటే కనిపించే గీతలు పనిచేసేవి కాకపోవచ్చు. ప్రతి బ్యాచ్‌నూ ముద్రతో పాటు ఒక పనితీరు పరీక్షలో కూడా పెట్టాలి. టాక్సిన్ పెట్టిన పేగు గదిలో నీరు ఎంత తగ్గిందన్న కొలత దానికి బాగా సరిపోతుంది. మూడు వేర్వేరు కాలాల్లో కోసిన ఆకుతో మూడు బ్యాచ్‌లు చేసి ఆ రెండు పరీక్షలూ పెట్టారంటే, థీసిస్‌లో ఒక అధ్యాయం దానికే పోతుంది. ఆముదం అధ్యాయాన్ని కుదించైనా దీనికి చోటివ్వండి.